తస్లీమ్ గీయని పార్వతి

నరసరావుపేట పల్నాడు రోడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసే అక్రం షెడ్డు ఉంది. దాని గోడ మీద ఒక ఎద్దు బొమ్మ ఉంటుంది. ఒంగోలు గిత్త. ఎవరో వెనక నుంచి పిలిస్తే చూసినట్టు తల పక్కకు తిప్పి ఉంటుంది. బండి ఇచ్చి, పని అయ్యేదాకా తోచక కూర్చున్నవాళ్లు ఆ ఎద్దునే చూస్తుంటారు. "ఎవరేశారు?" అని అడిగితే అక్రం తలెత్తకుండానే "మా ఇంటామె" అంటాడు. అంతకుమించి చెప్పడు. చెప్పాలని ఉన్నా, ఈ మధ్య ఆ మాటెత్తితే ఇంట్లో గొడవ ఎటు పోతుందో అతనికి తెలుసు.

ఆమె పేరు తస్లీమ్. నలభై దాటాయి. ఎడమచేతి వాటం. పుట్టిల్లు గురజాల. తండ్రి అబ్దుల్ జబ్బార్ అక్కడ బోర్డులు రాసేవాడు. ఎరువుల కొట్లు, టైలరు షాపులు, లారీల వెనక తలుపులు ఆయన రాసినవే. ఎన్నికలొస్తే గోడ మీద ఏ పార్టీ పేరున్నా అక్షరం మాత్రం జబ్బార్‌దే. కొడుకులు లేరు గనక కూతురికి పని నేర్పాడని జనం అనుకునేవారు కానీ ఆయన ఎవరికీ ఏమీ నేర్పలేదు. తండ్రి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు డబ్బాల అడుగున మిగిలిన రంగుతో తస్లీమే ఇంటి వెనక తలుపు మీద గీసుకునేది. ఒకరోజు ఆయన లేచి చూశాడు. తిట్టబోయి ఆగి, "వెనక్కాలు పొట్టిదైంది, మళ్లీ గియ్యి" అన్నాడు. ఆమెకు తెలిసిన పాఠం అదొక్కటే.

శివరాత్రికి కోటప్పకొండకు ఊళ్లకు ఊళ్లు ప్రభలు కట్టుకుని కదులుతాయి. కొండకు దగ్గరలోని ఒక ఊరు జబ్బార్‌ను ఏటా పిలిచేది. వెదుళ్లతో ఆకాశమంత ఎత్తున కట్టిన ప్రభకు కింది భాగంలో బిగించే గుడ్డ మీద దేవుళ్ల బొమ్మలు ఆయన వేసేవాడు. ఆయన పోయాక, ఇప్పుడెవరు వేస్తారన్న మాట వచ్చినప్పుడు ఆ ఊరి పెద్ద గోపాలకృష్ణయ్య "జబ్బార్ కూతురుండగా ఇంకెవరేంది?" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ఏటి నుంచి ఆ పని తస్లీమ్‌ది. మాఘమాసం వచ్చిందంటే రంగుల డబ్బాలు ఆటోలో వేసుకుని వెళ్లి, ఆ ఊరి బడి వరండాలో గుడ్డ పరిచి కూర్చునేది.

ఆమె వేసే పార్వతి క్యాలెండర్లలో పార్వతిలా ఉండదు. చామనచాయకు ఇంకో మెట్టు నలుపు. వెడల్పాటి నుదురు, గట్టి దవడ. మొదటి ఏడు ఆమె బొమ్మ మొదలుపెట్టిన రోజున, మిరప చేలో నుంచి కాంతమ్మ అనే కూలీ మంచినీళ్ల కోసం బడి దగ్గరకు వచ్చింది. కొప్పు విప్పి మళ్లీ చుట్టుకుని, నడుం మీద చేతులు పెట్టి, "ఏం గీస్తన్నావమ్మా?" అని నిలబడింది. తస్లీమ్ ఆ ముఖాన్ని అట్లాగే గుడ్డ మీదకు దించేసింది. "కాంతమ్మా, నిన్ను కొండెక్కిస్తన్నారే" అని ఊళ్లో నవ్వుకున్నారు. రెండో ఏడు నవ్వు తగ్గింది. తర్వాత్తర్వాత, ప్రభ మీద ఆ ముఖం లేకపోతే ఏదో వెలితి అనిపించేంతగా అందరికీ అలవాటైపోయింది.

ఫ్లెక్సులు వచ్చి బోర్డుల పని ఎత్తుకుపోయినప్పుడు తస్లీమ్ పెద్దగా ఏడవలేదు. అక్షరాలు పోతే పోయాయి, బొమ్మలున్నాయి అనుకుంది. అంగన్‌వాడీ గోడలుండేవి. చనిపోయినవాళ్ల చిన్న ఫోటో తెస్తే గళ్లు గీసుకుని పెద్ద పటం వేసి ఇచ్చే పని ఉండేది. ఏడాదికొకసారి ప్రభ ఉండేది. ఎట్లాగో జరిగిపోయేది.

ఆ పటాల పని నెమ్మదిగా తగ్గడం మొదలైంది. తెలిసినవాళ్లు కూడా రావడం మానేశారు. ఎందుకో మొదట ఆమెకు అర్థం కాలేదు. మల్లమ్మ సెంటరు దగ్గర ఫ్లెక్సు కొట్టు పెట్టుకున్న బాబూరావు ఒకరోజు పిలిపిస్తే వెళ్లింది. అప్పుడు తెలిసింది.

కొట్టు గోడకు వరసగా పటాలున్నాయి. అన్నీ మనుషుల బొమ్మలే. ప్రతి ముఖం మీదా ఒకే రకం వెలుగు, నూనె రాసినట్టు.

"చెల్లెమ్మా, నువ్వు గీయాల్సిన పనేం లేదు" అన్నాడు బాబూరావు. "పాత ఫోటో పెడితే ఏఐ బొమ్మ ఏసేసుద్ది. నేను గుడ్డ మీద ప్రింటు కొట్టిస్తా. నువ్వు పైన బ్రష్షుతో ఆడాడ నాలుగు గీతలు గియ్యి. రంగు లేచినట్టు కనపడాల."

"ఎందుకు?"

"చేత్తో ఏసిందంటే జనానికి ఇష్టం గదా."

"మరి చేత్తోనే ఏయించొచ్చు గదన్నా."

బాబూరావు నవ్వాడు. "వారం రోజులు ఎవరాగుతారమ్మా? పొద్దున అడిగి సాయంత్రానికి కావాలంటన్నారు."

ఇంటికి వచ్చి అక్రంతో చెప్పింది. అతను చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "నేను బండి తయారుచేస్తున్నానా? ఎవడో తయారుచేసిన బండికి స్క్రూలు బిగిస్తున్నా. తప్పేముంది?" అన్నాడు. అది సరైన పోలిక కాదని ఆమెకు అనిపించింది కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయింది. అది వానాకాలం. గోడల పని లేదు. ఒప్పుకుంది.

ఆ పని ఎట్లా ఉండేదో ఆమె తర్వాత అక్రంతో చెప్పింది. పెళ్లయి అందరూ వెళ్లిపోయాక వచ్చి పందిరి వేసినట్టు ఉండేదట. ముఖం అప్పటికే పూర్తయి ఉండేది. ముక్కు పక్క నీడ ఎంత ఉండాలో, పెదవి ఎక్కడ తిరగాలో ఆమెను ఎవరూ అడిగేవారు కాదు. ఉన్న గీత మీదే మళ్లీ గీత. మొదటి రోజు ఆమె ఒక ముసలాయన కళ్ల కింద ముడతలు కలిపింది. బాబూరావు చూసి "అయ్యెందుకమ్మా, మరీ ముసిలోడైపోయాడు" అని తుడిపించాడు. చివర్లో కింద సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టింది.

అట్లా కొన్నాళ్లు గడిచాక పెదకూరపాడు నుంచి వీరరాఘవమ్మ అనే పెద్దావిడ తన భర్త పటం తీసుకెళ్లడానికి కొట్టుకు వచ్చింది. ఆయన ఫోటో ఎవరిదో పెళ్లి గుంపు ఫోటోలో ఒక్కటే ఉంది. అందులో ఆయన తల గోరంత. దాన్నుంచి కంప్యూటరు నిండైన మనిషిని తీసింది. తెల్ల పంచె, దట్టమైన మీసం, చిన్న నవ్వు. ఆ సమయానికి తస్లీమ్ కొట్లోనే ఉంది.

వీరరాఘవమ్మ పటాన్ని దగ్గరకు లాక్కుని చూసింది. తర్వాత తస్లీమ్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ చేతులే గదమ్మా ఏసింది! ఆయన్ను చూసినట్టే ఏశావే తల్లీ. నవ్వు కూడా అదే. నీకెట్టా తెలిసింది?"

బాబూరావు వెనక నుంచి కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు. తస్లీమ్ చేతులు ఆవిడ చేతుల్లో ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇది నేను ఏయలేదు. కంప్యూటరు ఏసింది. నేను పైన నాలుగు గీతలు గీశానంతే. ఆ నవ్వు నాకు తెలవదు."

పెద్దావిడ చేతులు వదులయ్యాయి. పటం వంకా, తస్లీమ్ వంకా చూసింది.

"ఎందుకు చెప్పావే?" అంది. గొంతులో కోపం లేదు. "ఇందాకటిదాకా మా ఆయనే. ఇంక చూసినప్పుడల్లా ఎవురో అనిపిస్తాడు. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదా."

అయినా పటాన్ని పాత చీరలో చుట్టించుకుని తీసుకునే వెళ్లింది. ఆటో ఎక్కేటప్పుడు ఒకసారి చుట్టు విప్పి చూసుకుని మళ్లీ కప్పింది.

ఆవిడ వెళ్లాక బాబూరావు విరుచుకుపడ్డాడు. "నీ నిజాయితీకి నా కొట్టే దొరికిందా? ముసలమ్మ సంతోషంగా పోయేది గదా!"

"సంతకం నాతో పెట్టించావు గదన్నా. సంతకం నాది కాబట్టి నన్నడిగింది. నా నోటితో ఎట్టా అబద్ధం చెప్పేది?"

"ఎవడు చెప్పమన్నాడు? ఊరుకోమన్నా!"

ఆ పని అక్కడితో ఆగిపోయింది. మానేసినందుకు ఆమెకు విచారం లేదు. కానీ వీరరాఘవమ్మ మాట మాత్రం ఆమెను వదల్లేదు. అబద్ధం చెబితే తప్పు. నిజం చెబితే ఆవిడకు మిగిలిన ఒక్క మనిషినీ పరాయివాణ్ణి చేసినట్టయింది. ఇందులో తను చేయగలిగిన మంచిపని ఏదని అక్రంను అడిగితే, "ఇంకో పని చూసుకోవడం" అన్నాడు.

చలికాలం గడిచి శివరాత్రి దగ్గరపడింది. ప్రభ ఊరి నుంచి ఎప్పుడూ ముందే ఫోన్ వచ్చేది, ఈసారి రాలేదు. చూసి చూసి ఆమే గోపాలకృష్ణయ్యకు చేసింది. "ఈ తడవ పిల్లకాయలు చూసుకుంటన్నారమ్మాయ్" అని ఆయన నసిగాడు. తస్లీమ్ ఇంక ఆగలేక ఆటో ఎక్కి ఊరికి వెళ్లింది.

బడి ముందు ప్రభ పడుకోబెట్టి ఉంది. వెదుళ్లకు లైట్లు బిగిస్తున్నారు. కింద కట్టాల్సిన చోట ఫ్లెక్సు పరిచి, నలుగురు నాలుగు మూలలా లాగి పట్టుకున్నారు. దాని మీద శివుడు, నంది, పార్వతి. నంది తల పక్కకు తిప్పి ఉంది, ఎవరో పిలిస్తే చూసినట్టు. పార్వతి నుదురు వెడల్పుగా ఉంది. దవడ గట్టిగా ఉంది. అది కాంతమ్మ ముఖం, తస్లీమ్ ఏటా గీసిన ముఖమే. రంగు మాత్రం మీగడ తెలుపు.

ఫ్లెక్సు ఒక మూల పట్టుకున్న అఖిల్ ఆమెను చూసి సంబరంగా లేచాడు. గోపాలకృష్ణయ్య తమ్ముడి మనవడు. ఇంజనీరింగు చదివి, ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటున్నాడు.

"అక్కా, చూడు, ఎట్టా వచ్చిందో!"

"ఎవరేశారిది?"

"ఏఐ అక్కా. నీ బొమ్మలే పెట్టా. ఇన్నేళ్ల ఫోటోలు ఉన్నాయిగా నా ఫోన్లో. ఇదే స్టైల్లో కావాలన్నా. అచ్చం నువ్వేసినట్టే లేదూ?"

"నన్నడిగావా?"

అఖిల్ నిజంగానే తికమకపడ్డాడు. "అడగడమేందక్కా? ఊరు డబ్బులిచ్చి ఏయించుకున్న బొమ్మలే గదా అయ్యి."

"గుడ్డ మీదేసిన బొమ్మ ఊరిది. నా చెయ్యి కూడా కొనుక్కున్నారా?" అంది తస్లీమ్. "సరే, తెల్లగా ఎందుకు చేశావు?"

"కొంచెం ఫెయిర్‌గా చెయ్యమన్నా. కమిటీ వాళ్లే అడిగారక్కా. అమ్మవారు కళగా ఉండాలని."

ఆ మాటలకు జనం పోగయ్యారు. కమిటీలో ఒకాయన ముందుకు వచ్చి, "దేవుడి బొమ్మకు హక్కులేందమ్మా? పార్వతమ్మ నీ సొత్తా?" అన్నాడు. వెనక నుంచి ఇంకో గొంతు "అసలు ఈమెకు మన..." అని మొదలుపెట్టింది. గోపాలకృష్ణయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఆ మాట నోట్లోనే ఉంచుకో. ఇన్నేళ్లూ లేంది ఇయ్యాల గుర్తొచ్చిందా?" అన్నాడు. ఆ గొంతు మళ్లీ వినపడలేదు.

తస్లీమ్ ఆ పెద్దమనిషికే చెప్పబోయింది. "పెదనాన్నా, దేవుడు నా సొత్తని నేననలేదు. ఆ మొహం నేను కాంతమ్మను చూసి గీశా. ఏటా కొంచెం కొంచెం సరిచేసుకుంటా వచ్చా. పోయినేటికి గానీ ఆ కన్ను కుదరలా. అదంతా తీసుకుని..."

అప్పుడే చేను నుంచి కూలీలు వచ్చారు. వాళ్లలో కాంతమ్మ ఉంది. జనాన్ని తోసుకుని ఫ్లెక్సు దగ్గరకు వచ్చి, నెత్తి మీది తువ్వాలు తీసి, వంగి చూసింది.

"ఇది నేనే గదా? నేనే. ఈ దవడ మాయమ్మది. మరి నాకింత సున్నం కొట్టారేంది?"

అందరూ గొల్లుమన్నారు. కాంతమ్మ కూడా నవ్వింది. "కొట్టేముందు చెప్తే స్నానమన్నా చేసొచ్చేదాన్ని గదరా" అంది. ఇంకా పెద్ద నవ్వు. అఖిల్ కూడా నవ్వేశాడు. కమిటీ ఆయన ముఖం తేటపడింది. ఆ నవ్వులో తస్లీమ్ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పాల్సిన అవసరం ఇంక ఎవరికీ కనపడలేదు. ఇది ఆమెను అన్నిటికన్నా ఎక్కువ మండించింది. తిడితే సమాధానం చెప్పొచ్చు. అందరూ నవ్వుతుంటే ఏం చెబుతాం?

నవ్వులు తగ్గాక గోపాలకృష్ణయ్య ఆమెను వరండాలోకి పిలిచాడు.

"అమ్మాయ్, జరిగిందేదో జరిగింది. ముందు చెప్పకపోవడం మా తప్పే. కింద నీ పేరు ఏయిస్తా. మీ నాన్న పేరు కూడా. ఇన్నేళ్లలో ప్రభ మీద జబ్బార్ పేరు ఎక్కలా. ఇప్పుడెక్కుద్ది."

తండ్రి పేరు అనేసరికి తస్లీమ్ ఒక్క క్షణం తడబడింది. ఆయన ఎన్ని వందల పేర్లు రాశాడో, తన పేరు ఎక్కడా రాసుకోలేదు. ప్రభ మీద లైట్ల మధ్య ఆ పేరు ఎట్లా ఉంటుందో ఆమెకు కళ్లకు కట్టింది.

"వొద్దు పెదనాన్నా" అంది. "నేను గీయని దానికింద నా పేరు వొద్దు. ఒకసారి అట్టా పెట్టి చూశా. నాన్నది అసలే వొద్దు."

"మరేం చెయ్యమంటావు?"

"ఆ మొహం తీసేయండి. ఇంకే మొహమన్నా పెట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

వెనకే నిలబడ్డ అఖిల్, సాయం చేద్దామనే, "మొహం మార్చడం నిమిషం పనక్కా. మళ్లీ ప్రింటు కొట్టించే టైమే లేదు. ఎల్లుండి ప్రభ కదలాల" అన్నాడు. వాడి తప్పు కాదు, నిజంగానే నిమిషం పని. తనకు అన్నేళ్లు పట్టిన ముఖం.

ప్రభ ఆ ముఖంతోనే కదిలింది. తస్లీమ్ తిరునాళ్లకు పోలేదు. పోయి వచ్చిన అక్రం, ఆమె మనసు తేలికపరుద్దామని, "ఆ లైట్లలో బొమ్మ ఎవరికీ కనపళ్లేదులే, నేనే వెతుక్కున్నా" అన్నాడు. ఆమె గిన్నె దబ్బున పెట్టింది. "కనపడని దానికోసమేనా నేను ఇన్నేళ్లు నడుం ఇరిగేట్టు గీసింది?" అంది.

కొన్నాళ్లకు అఖిల్ బండి బ్రేకులు చూపించే వంకతో షెడ్డుకు వచ్చాడు. చేతులు నలుపుకుంటూ నిలబడి, "అక్కా, నేను చెడు ఉద్దేశంతో చెయ్యలేదు. నువ్వే ఇది నేర్చుకుంటే ఎవరూ నీ ముందు నిలవలేరు. నీకున్న కన్ను మాకు లేదు గదా" అన్నాడు. ఆమె ఫోనులో ఆ యాప్ పెట్టి, ఎట్లా అడగాలో చూపించి వెళ్లాడు.

తస్లీమ్ ఒక మధ్యాహ్నం దాంతో కూర్చుంది. మిరపకాయలు ఎండబెట్టిన కల్లం, అందులో కూలీ ఆడవాళ్లు కావాలని అడిగింది. పట్టుచీరలు కట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్లు వచ్చారు. పట్టుచీరలు వొద్దంది. నూలుచీరలు వచ్చాయి, ఇస్త్రీ మడతలతో సహా. నవ్వు తీసేయమంది. అందరూ ఏడుపు ముఖాలు పెట్టారు. నవ్వకపోతే ఏడవాలా, పని చేసుకునే మనిషి ఊరికే ఉండదా అని ఫోనును తిట్టింది. మళ్లీ అడిగింది. మళ్లీ మళ్లీ అడిగింది. ఎండ గోడ దిగేసరికి బొమ్మ బాగానే వచ్చింది. ఎర్రటి కల్లం, వంగిన నడుములు, ఆవిరిలా లేస్తున్న కారపు దుమ్ము. నిజంగా బాగుంది.

"బాగుందిగా! మరేంటి ఆ మొహం?" అన్నాడు అక్రం.

"బాగుండకపోతే బాధేముంది? బాగుంది, అదే నా బాధ. మధ్యాహ్నం నుంచీ బేరం ఆడినట్టు అడుక్కున్నా. చెయ్యి కదల్లేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇది నేను గీశానని ఎట్టా అనేది? గీయలేదనీ అనలేను, అడిగింది నేనే గదా!"

ఆమెకు ఒంటరిగా కోపగించుకోవడం విసుగుపుట్టింది. పేటలో మిగిలిన బొమ్మలవాళ్లను ఒక్కొక్కరినీ పలకరించి బస్టాండు వెనక టీ కొట్టు దగ్గరకు రమ్మంది. బోర్డులు రాసేవాళ్లు, గోడలకు వేసేవాళ్లు, బళ్లో డ్రాయింగు చెప్పే ఒకాయన వచ్చారు. అందరికన్నా పెద్దవాడు నాగభూషణరావు. ఒకప్పుడు జబ్బార్‌తో పోటీపడి గోడలు రాసినవాడు.

టీలు చల్లారిపోయేదాకా వాదనలే. ఒకాయన కలెక్టరుకు అర్జీ పెడదామన్నాడు. ఏమని పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన, తను ఇప్పటికే ఫోనులో బొమ్మ చూసుకుని గోడ మీద దించుతున్నానని, పని తొందరగా అవుతోందని ఒప్పుకున్నాడు. అతని మీద ఇద్దరు లేచారు. నాగభూషణరావు చెయ్యెత్తి ఆపాడు.

"ఎందుకురా అతన్నంటారు? మనం ఫోటో మీద గళ్లు గీసి బొమ్మలేసినప్పుడు మన ముందోళ్లు ఏమన్నారు? వీళ్లకు చూపు లేదు, గళ్లున్నాయి అన్నారు. నేనూ పడ్డా ఆ తిట్లు, ఈ పిల్ల తండ్రీ పడ్డాడు."

తస్లీమ్ చల్లారిన టీ పక్కకు జరిపింది. ఆలోచించి చెప్పింది. "మావయ్యా, గళ్లు గీసినా గీసింది మనమే. తప్పు పోతే మనదే తప్పు. ఎవరేం చూసి గీసుకుంటారో వాళ్ల ఇష్టం, నేను కాదనను. కానీ మిషను బొమ్మ మీద నాలుగు గీతలు గీసి చేత్తో ఏసిందని అమ్మే పని మాత్రం మనం మానేద్దాం. మన చెయ్యి లేకపోతే బాబూరావన్న దాన్ని చేతి బొమ్మని ఎట్టా అంటాడు? ఒకళ్ల బొమ్మలు ఇంకొకళ్లు ఫోనుకు పెట్టేముందు అడగాల. ఈ రెండన్నా మనం మనం అనుకోలేమా?"

అనుకున్నారు. కొందరు గట్టిగా, కొందరు చూపు పక్కకు తిప్పుకుని.

ఉగాది దాటేలోపే ఆ మాట ఇద్దరు తప్పారు. ఒకాయన ఇంట్లో జబ్బు. ఆయన్ను అడగడానికి తస్లీమ్‌కు నోరు రాలేదు. రెండో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, ఆయన్ను నడిరోడ్డులోనే కడిగేసింది. తర్వాత బాబూరావు కొట్టుకు వెళ్లి, పటాల మీద కంప్యూటరు బొమ్మ అని రాయమని అడిగింది. అతను కుదరదన్నాడు. నాగభూషణరావునూ మిగిలినవాళ్లనూ వెంటేసుకుని మళ్లీ వెళ్లింది. కొట్లో గిరాకీ ఉన్న సమయం చూసుకుని అందరూ బెంచీల మీద కూర్చున్నారు. బాబూరావు దారికొచ్చాడు, సగం దారికి. "హ్యాండ్ పెయింటింగ్" అన్న స్టిక్కరు పీకి "ఆర్ట్ పెయింటింగ్" అని అంటించాడు. తస్లీమ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆదివారాలు వాళ్లలో కొందరు రోడ్డు పక్కన స్టూళ్లు వేసుకుని, వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ గీసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇది చెయ్యి అని జనం కళ్లతో చూడాలని. జనం మూగుతున్నారు. కూర్చున్న మనిషి కదులుతాడు, కథలు చెబుతాడు, నా ముక్కు అట్లా ఉండదని పోట్లాడతాడు. తస్లీమ్‌కు ఆ పోట్లాట ఇష్టం. కానీ చుట్టూ నిలబడ్డవాళ్లలో సగంమంది ఫోన్లెత్తి ఆమె చేతినే వీడియో తీస్తుంటారు. అది ఎక్కడికి పోతుందో, దేని కడుపులో పడుతుందో ఆమెకు తెలుసు. వొద్దంటే జనం పోతారు. ఊరుకుంటే చెయ్యి పోతుంది.

ఈ మధ్య గోపాలకృష్ణయ్య ఫోన్ చేశాడు. వచ్చే ఏడు సగం ఫ్లెక్సు, సగం చేతి బొమ్మలు అనుకుంటున్నామని చెప్పాడు. తస్లీమ్ మాత్రం, పార్వతి తను వేసినట్టే నల్లగా ఉండాలని, వేసింది తనను అడక్కుండా ఎవరి యాప్‌లోనూ పెట్టకూడదని, ఆ మాట కమిటీ అందరూ ఊరి ముందు చెప్పాలని అంది. "మాట్లాడి చెప్తానమ్మాయ్" అన్నాడు ఆయన. ఇంకా చెప్పలేదు.

పోయిన వారం ఆమెకు నూజెండ్ల మండలంలో ఒక ఊళ్లో అంగన్‌వాడీ గోడ పని వచ్చింది. గోడకు తెల్లసున్నం వేసి ఆరబెట్టి ఉంచారు. ఆమె సుద్దముక్క తీసుకుని కొలతలు చూసుకుంటుంటే ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన బండి దిగి వచ్చాడు. జేబులో నుంచి ఫోను తీసి ముందు పెట్టాడు.

"ఇదిగోమ్మా, రాత్రి మావాడు ఏఐలో కొట్టాడు. అచ్చం ఇట్టాగే ఎయ్యి."

తెరమీద పచ్చటి కొండలు, జలపాతం, బుగ్గలు మెరిసే పిల్లలు, ఒక నెమలి.

"ఈ జలపాతం మీ ఊళ్లో యాడుందండీ?" అంది తస్లీమ్.

"ఊళ్లో లేకపోతే ఏం, గోడ మీదుంటుంది."

"నేను దీన్ని చూసి గీయను. మీ ఊళ్లో పిల్లలున్నారు గదా, వాళ్లను చూసి ఏస్తా."

"ఇంత బాగా ఏయగలవా నువ్వు?"

"ఇట్టా ఏయను. ఇంకోలా ఏస్తా. నచ్చకపోతే అప్పుడు చెప్పండి."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఎవరికో ఫోను చేసుకుంటూ వేపచెట్టు నీడలోకి నడిచాడు. "ఇంకెవరన్నా ఉన్నారేమో కనుక్కో" అన్న మాట ఆమెకు వినపడింది. తస్లీమ్ ఆయన తిరిగి వచ్చేదాకా ఆగలేదు. గుమ్మంలో నుంచి తొంగిచూస్తున్న ఒక పిల్లను, చీమిడి ముక్కుతో ఉన్నదాన్ని, అట్లాగే నిలబడమని చెప్పి, గోడ మీద మొదటి గీత లాగింది.